దెబ్బ తిన్న కారు – దాని మరమ్మతు



వ్యాకరణమో భాగవతమో చెప్పవలసిన బడిపంతులు కారు మరమ్మతును గూర్చి ప్రసంగించుట యేమని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. నవ్వుకొనుడు, తప్పు లేదు. కాని ఎడ్లబండి నిలిచిన చావడిలో నేడు కారు నిలుచుచున్నది. దానిని నడపువాడు కుమారుడో, మనుమడో, అల్లుడో యగును. అది యెచ్చటనో గుద్దుకొని, ముక్కు చితికి, లారీమీద నెక్కి యింటికి వచ్చిన నాడు మాత్రము "ఇప్పు డేమి చేయుదము?" అను ప్రశ్న అరుగుమీద కూర్చున్న పెద్దవారి యొద్దకే వచ్చును. అప్పుడు నలుగురు నాలుగు విధముల సలహా చెప్పుదురు. ఒకడు "మా బావమఱదికి తెలిసిన షెడ్డు కలదు" అనును. ఒకడు "కంపెనీ వర్క్‌షాపునకే పంపుడు" అనును. వేఱొకడు "అమ్మివేయుడు, పీడ వదలును" అనును. వీనిలో ఏ మాట యెంతవఱకు పనికివచ్చునో తేల్చుకొనవలెనన్న, కారు శరీర మెట్లు కట్టబడినదో, బీమావారు దేని కెంత యిత్తురో కొంచెము తెలిసియుండవలెను. ఆ కొంచెమే నేడు చెప్పెదను.

ముందుగా రోడ్డుమీది మాట. గుద్దుకొన్నంతనే చూడవలసినది మనుష్యులను, ఆ తరువాత కారును. ఇది దయాధర్మ మగుటయే కాక చట్టము కూడ. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 134వ సెక్షను ప్రకారము దెబ్బ తగిలినవారికి వైద్యసహాయము సమకూర్చుట బండి నడపినవాని విధి. పోలీసు ఠాణాలో వీలైనంత త్వరగా, ఎట్లైనను 24 గంటలు దాటకుండ తెలుపవలెను. బీమా కంపెనీకిని వ్రాసి తెలుపవలెను. మన ప్రాంతములలో రోడ్డుమీదనే పంచాయితీ పెట్టి, "నీది నీవు బాగుచేయించుకొనుము, నాది నేను చేయించుకొందును" అని చేతులు కలిపి పోవు ఆచార మొకటి కలదు. రెండు రేకులు రాచుకొన్నంతమాత్రమే యైనచో దానిని నేను కాదనను. మనిషికి దెబ్బ తగిలినప్పుడు మాత్రము అట్టి రాజీ చెల్లదు.

కారును ప్రక్కకు తీయకముందే సెల్‌ఫోనుతో నాలుగు మూలలనుండియు ఫొటోలు తీయవలెను. రెండు బండ్ల నంబర్లును, రోడ్డుమీది గుర్తులును వానిలో పడవలెను. ముందుభాగము దెబ్బ తిన్న కారును "నడుచుచున్నది గదా" యని నడిపించుకొని వచ్చుట కూడదు. ఇంజనును చల్లబఱచు రేడియేటరు ఆ ముక్కులోనే యుండును. దానికి చిల్లిపడి నీరు కారిపోయినచో నాలుగైదు మైళ్ళలోనే ఇంజను చెడిపోవచ్చును. అట్లు చెడిన ఇంజనుకు బీమావారు పైకమీయరు. మరమ్మతు కాకముందే నడిపినందువలన పెరిగిన నష్టము యజమానిదే యని పాలసీలోనే వ్రాసియుండును. దానిని మోసికొని పోవు లారీ ఖర్చులో 1,500 రూపాయలవఱకు మామూలు కారు పాలసీ యిచ్చును గనుక, అచ్చట పిసినితనము వలదు.

ఇక బీమా. "మా కారుకు బీమా కలదు" అని చెప్పువారిలో పలువురు అది యే బీమాయో ఎఱుగరు. చట్టము నిర్బంధించునది మన బండివలన పరులకు కలుగు హానికి సంబంధించినది. దానిని థర్డ్ పార్టీ అందురు. మన కారు సొట్టకు దానినుండి దమ్మిడీ రాదు. మన నష్టము మనకు రావలెనన్నచో ‘ఓన్ డ్యామేజి’ అను భాగము కూడ కొనియుండవలెను. పాలసీ కాగితములో ఆ మాటకెదురుగ పైకము కట్టినట్లు కలదో లేదో, ఏ దెబ్బయు తగులకముందే చూచుకొనుడు. అది యున్నను, నడపినవానికి చెల్లు లైసెన్సు లేకున్నను, వాడు త్రాగి నడపినను, సొంతకారును పెండ్లిండ్లకో తిరుపతి ప్రయాణములకో బాడుగకు త్రిప్పుచున్నను, కంపెనీవారు చెల్లింప నిరాకరింతురు. లైసెన్సు లేని మేనల్లునికి "ఊరి చివరివఱకే గదా" యని తాళములిచ్చు పెద్దలు ఈ మాట గుర్తుంచుకొనవలెను. పాత కార్లు కొన్నవారి సంగతి వేఱు. ఆర్.సి. తమ పేర మార్చుకొని, పాలసీని మార్చుకొనుట మఱచువారు పెక్కుమంది. 14 దినములలోపల కంపెనీకి వ్రాసి మార్పించుకొనవలెను. పాలసీ తన పేరికి బదిలీ కానిదే కొన్నవానికి సొంత నష్టము క్రింద హక్కు లేదని 1995లో సుప్రీంకోర్టు చెప్పియున్నది.

కంపెనీకి ఫోను చేసి క్లెయిము నంబరు వ్రాసికొనిన పిమ్మట, సర్వేయరు వచ్చి చూచువఱకు కారుమీద సుత్తి పడనీయరాదు. మా ప్రక్కయూరి రైతొకడు తొందరపడి మఱునాడే షెడ్డులో అంతయు బాగుచేయించి, బిల్లు పట్టుకొని బీమావారి యొద్దకు పోయెను. కారు అద్దమువలె మెఱయుచుండెను. చూపుటకు దెబ్బ లేదు. దెబ్బ లేనప్పుడు దేనికి పైకమని వారడిగిరి. అతడు చెప్పినది సత్యమే, కాని సాక్ష్యమును తన చేతులతోనే చెఱిపించెను. పదిమార్లు తిరిగి యూరకుండెను.

ఇప్పుడు కారు శరీరమునకు వచ్చెదము. ఇదియే నేను విపులముగ చెప్పదలచిన భాగము.

ఎడ్లబండికి నొగలు, ఇరుసు ప్రధానము. వానిపైన కట్టినది తొట్టి. తొట్టి విఱిగినను నొగలు బాగున్నచో బండి నడుచును. లారీలును, ట్రాక్టరు ట్రక్కులును నేటికిని ఆ పద్ధతినే కట్టబడుచున్నవి. క్రింద రెండు పొడవైన ఉక్కు దూలములు, వానిమీద శరీరము. నేటి కార్లలో పెక్కింటికి అట్టి నొగలు వేఱుగ లేవు. నేల, ప్రక్కలు, కప్పు అన్నిటిని రేకులుగ వత్తి, వేలకొలది చుక్కలయందు విద్యుత్తుతో అతికి, ఒకే గుల్లగా చేయుదురు. కోడిగ్రుడ్డు పెంకునకువలె ఆ గుల్ల ఆకారమే దాని బలము. ఇంజనుకు ఇరుప్రక్కలను ముందునకు చాచిన రెండు పొట్టి దూలములు మాత్రము కలవు. అవియు ఆ గుల్లలోని భాగములే.

"అంబాసిడరు గుద్దినచో గోడ పడెడిది, ఇప్పటి కారు గుద్దినచో కారే నలుగును, ఇవి అగ్గిపెట్టెలు" అని మనవంటివారము ఆక్షేపింతుము. నలుగుట నిజమే. నలుగుటకే అది యట్లు చేయబడినది. గడ్డివామి యెక్కినవాడు జారి క్రిందనున్న వదులు గడ్డిపై పడినచో దులుపుకొని లేచిపోవును. అంతే యెత్తునుండి గట్టి కళ్ళముమీద పడినచో కాలు విఱుగును. గడ్డి నలిగి దెబ్బను తాను మ్రింగును, కళ్ళము మ్రింగదు. కారు ముక్కు ఆ గడ్డివంటిది, మనుష్యులు కూర్చుండు గది మాత్రము గట్టి పెట్టె. ముక్కు నలుగుచు నలుగుచు వేగమును తినివేయగా, లోపలివారికి చేరు తాకిడి తగ్గును. ఆస్ట్రియాలో పుట్టిన బేలా బారెన్యి అను ఇంజనీరు మెర్సిడెస్ బెంజ్ కంపెనీలో పనిచేయుచు ఈ యూహకు 1952లో పేటెంటు పొందెను. 1959లో వచ్చిన ఆ కంపెనీ కార్లలో అది అమలయ్యెను. మన దేశమున 2017 అక్టోబరునుండి క్రొత్త నమూనాలకును, 2019 అక్టోబరునుండి అమ్ముడగు కార్లన్నిటికిని గుద్దించి చూచు పరీక్ష నిర్బంధమైనది.

దీనినిబట్టి ఒక సంగతి తేలుచున్నది. ఒకసారి నలిగిన ముక్కు తన పని చేసి ముగించినది. దానిని మఱల కట్టునప్పుడు, రెండవ దెబ్బకు మఱల అదే తీరున, అదే క్రమమున నలుగునట్లు కట్టవలెను. అట్లు కట్టినది మంచి మరమ్మతు. పైకి నున్నగా కనబడుటకు రంగు చాలును. రంగు క్రింద ఏమున్నదో రెండవ దెబ్బనాడు గాని తెలియదు.

2023వ సంవత్సరము కార్తీకమాసములో మా మేనల్లుడు గుడివాడనుండి విజయవాడకు వచ్చుచు, సందెచీకటిలో వెనుక దీపము లేని ధాన్యపు ట్రక్కును గుద్దెను. దైవకృప వలన ఎవరికిని దెబ్బ తగులలేదు. కారుకు ఎడమవైపు ముక్కు చితికెను, బానెట్టు మడతపడెను, ముందటి యద్దము నెఱ్ఱె పట్టెను. మా యెఱుకలోని షెడ్డు మేస్త్రి వచ్చి చూచి, "మాస్టారూ, బీమావాళ్ళ చుట్టూ తిరగడం దేనికి? మూడు రోజుల్లో కొత్త కారులా చేసి ఇస్తాను. లోపల చాసిస్ కాస్త వంగింది, అంతే. గ్యాసుతో ఎర్రగా కాల్చి లాగేస్తే సరిపోతుంది" అనెను. ఆ మేస్త్రి మోసగాడు కాడు. సొట్ట తీయుటలో అతని చేతివాటము చూడదగినది. క్రింద చిన్న దాగలి పట్టి, పైన తేలిక సుత్తితో తట్టుచు, రేకును బిందె చేయు కంచరివలె నున్నగా తెచ్చును. (మన షెడ్లలో ఈ పనిని ‘టింకరింగు’ అందురు. టింకరు అను ఆంగ్ల పదమునకు కుండలు, కెటిల్లులు బాగుచేయువాడనియే యర్థము. సొట్ట అను చక్కని తెలుగుమాట యుండగా డెంటు అనుట యెందుకో మాత్రము నాకు బోధపడదు.) అతని చేయి మంచిది, అతని పాత విద్య క్రొత్త ఉక్కునకు చాలదు.

ఏలయనగా, కమ్మరి కొడవలిని కాల్చి నీట ముంచి పదును పెట్టును. ఆ కొడవలినే పొయ్యిలో పడవేసి మెల్లగా చల్లారనిచ్చినచో ఆ గట్టిదనము పోవును. ఇది మీ రెఱిగినదే. నేటి కారు దూలములును, తలుపుల నడిమి స్తంభములును సాధారణపు ఇనుముతో కాక, విశేషముగ గట్టిపఱచిన ఉక్కుతో చేయబడుచున్నవి. వానిని గ్యాసుమంటతో ఎఱ్ఱగా కాల్చుట, పదును పెట్టిన కొడవలిని పొయ్యిలో వేయుట వంటిదే. కంటికి సరిగా నిలుచును, కాని బలము చచ్చియుండును. మఱల దెబ్బ తగిలినప్పుడు నలుగవలసిన చోట నలుగక, వేఱొకచోట మడతపడవచ్చును. దూలము నలుగు తీరును లెక్కించియే ఎయిర్‌బ్యాగు ఎప్పుడు విచ్చుకొనవలెనో నిర్ణయించియుందురు గనుక, ఆ లెక్కయు తప్పవచ్చును. ఈ పని తెలిసినవారికి ఒక సూత్రము కలదు: వంగినదానిని సరిచేయవచ్చును, మడతపడి ముడి పడినదానిని మార్చవలెను.

వంగినదో మడతపడినదో చూచుటకు ముందు కొలత కావలెను. మేము కారును విజయవాడ ఆటోనగరులోని యొక వర్క్‌షాపునకు చేర్చితిమి. అచ్చట దానిని ఉక్కు చట్రముమీద బిగించి, అడుగునగల గురుతుచోట్ల దూరములను కొలిచిరి. ఆ విధానము మీకు క్రొత్త కాదు. ఇంటి పునాదికి ముగ్గు పోయునప్పుడు మేస్త్రి యీ మూలనుండి ఆ మూలకును, ఆ మూలనుండి ఈ మూలకును త్రాడు పట్టి రెండు కర్ణములు సమానమైనవో లేవో చూచును గదా! ఇదియు అట్టిదే. కారు చేసినవారు ప్రతి నమూనాకును కొలతల పట్టిక యిత్తురు. దానికిని మన కారునకును భేదము రెండు మూడు మిల్లీమీటర్లకు మించరాదు. మా మేనల్లుని కారుకు కర్ణములలో 11 మిల్లీమీటర్ల భేదము కనబడెను. ఎడమ దూలపు కొన ముడి పడియుండెను. వెనుకనున్న వంపును గొలుసులు తగిలించి, హైడ్రాలిక్ బలముతో, దెబ్బ వచ్చిన దిక్కునకు ఎదురుదిక్కున మెల్లమెల్లగా చల్లగానే లాగిరి. ముడిపడిన కొనను మాత్రము కారు చేసినవారు సూచించిన చోట కోసి క్రొత్తది అతుకవలెననిరి. పుత్తూరులో ఎముకలు కట్టువారు కట్టుటకు ముందు వ్రేళ్ళతో తడిమి ఎముక యెచ్చట తప్పినదో చూతురు. పై చర్మము మాత్రము చూచి కట్టు కట్టువాని యొద్దకు ఎవరు పోవుదురు?

క్రొత్త కొన వేయించుటకు ఖర్చు పెరుగునని విని మా మేనల్లుడు తటపటాయించెను. "మామయ్యా, లాగించి సరిపెడితే పాతికవేలు మిగులుతాయి గదా" అనెను. అప్పటివఱకు మాటాడక నిలుచున్న అతని భార్య, "రోజూ పిల్లలిద్దరినీ బడికి తీసుకెళ్ళేది నేనే. వాళ్ళు కూర్చునే బండి అది. కొత్తదే వేయించండి" అనెను. ఆ మాటతో చర్చ ముగిసినది.

ఇక్కడ ఎస్టిమేటును గూర్చి యొక మాట. మొదటి యెస్టిమేటు పైచూపుతో వ్రాసినది. బంపరును, దీపములను, రేకులను విప్పిన తరువాత గాని లోపలి నష్టము బయటపడదు. అప్పుడు వర్క్‌షాపువారు రెండవ పట్టీ వ్రాయుదురు. ఖర్చు పెరిగెనని అది మోసమని యెంచరాదు. అట్లని తలయూపి యూరకుండను రాదు. విప్పిన కారును యజమాని తాను పోయి చూడవలెను. ఫొటోలు తీసికొనవలెను. సర్వేయరును మఱల పిలిపించి ఆ పట్టీకి ఒప్పుదల పొందిన పిమ్మటనే పని సాగనీయవలెను. మా విషయమున సర్వేయరు రెండవమారు వచ్చి, కొలతల కాగితము చూచి, దూలపు కొనను మార్చుటకు సమ్మతించెను. ఆ కొలతల కాగితమే లేకున్నచో అతడు సమ్మతించువాడు కాడేమో. విడిభాగములు రావలసియుండుటచే పని 19 దినములు పట్టెను. మూడు దినములలో ముగింతునన్న మేస్త్రి మాటను ఈ పందొమ్మిది దినములలో మా మేనల్లుడు పలుమార్లు తలచుకొనెను.

బీమావారు బిల్లంతయు ఇత్తురను భ్రమ చాలమందికి కలదు. వాడుకచే వస్తువు విలువ తరుగును గనుక, పాత భాగమునకు బదులు క్రొత్తది వేసినప్పుడు ఆ తరుగును యజమానియే భరింపవలెను. రబ్బరు, నైలాను, ప్లాస్టికు భాగములకును, టైర్లకును, బ్యాటరీకిని, ఎయిర్‌బ్యాగులకును తరుగు నూటికి 50. ఫైబరు గ్లాసుకు 30. అద్దములకు తరుగు లేదు. ఇనుప రేకులు మొదలైనవానికి కారు వయస్సునుబట్టి తరుగు మారును: మొదటి ఆఱు మాసములు ఏమియు లేదు, ఏడాదిలోపల 5, రెండవ యేట 10, మూడవ యేట 15, నాలుగవ యేట 25, అయిదవ యేట 35, పదియేండ్లవఱకు 40, ఆపైన 50.

నాలుగున్నర యేండ్ల కారు నొకదానిని తీసికొని లెక్క వేయుదము, పన్నులు విడిచిపెట్టుదము. రేకు భాగములు 40,000, ప్లాస్టికు భాగములు 16,000, అద్దము 9,000, కూలి 14,000, రంగు 20,000 రూపాయలు, మొత్తము 99,000. రేకులపై నూటికి 35 చొప్పున 14,000 తరుగు. ప్లాస్టికుపై సగము 8,000. అద్దముపై లేదు, కూలిపై లేదు. రంగు బిల్లులో నాలుగవ వంతును సరకు ఖరీదుగ లెక్కించి, దానిలో సగము తగ్గింతురు. అనగా 5,000లో 2,500. ఇవి గాక 1,500 సి.సి. మించని కారుకు ప్రతి క్లెయిమునందును యజమాని విధిగా పెట్టవలసినది 1,000. మొత్తము 25,500 రూపాయలు మన చేతిది, 73,500 బీమావారిది. కొంచెము అధికముగ ప్రీమియము కట్టి ‘జీరో డిప్రిసియేషన్’ అను ఏర్పాటు కొనియుండినచో ఈ తరుగులలో చాలభాగము తప్పును. కారు క్రొత్తదైనంతకాలము అది కొనదగినదే యని నా యభిప్రాయము.

చిన్న సొట్టకు క్లెయిము వేయుట లాభము కాదు. క్లెయిము లేక గడచిన ఏండ్లనుబట్టి సొంత నష్టపు ప్రీమియములో నూటికి 20, 25, 35, 45, 50 చొప్పున తగ్గింపు పెరుగుచు పోవును. ఒక్క క్లెయిముతో అది మఱుసటి యేడు సున్నకు దిగును. ఆ ప్రీమియము 10,000 రూపాయలై, మీరు 45 వంతుల తగ్గింపు పొందుచున్నచో, క్లెయిము వలన వచ్చే యేడే 4,500 పోవును. ఆఱువేల బిల్లునకు అట్టి పని చేయువాడు లెక్క రానివాడు. మఱి నష్టము మిక్కిలి పెద్దదై, మరమ్మతు ఖర్చు పాలసీలో వ్రాసిన కారు విలువలో నూటికి 75 వంతులు మించినచో, బీమావారు కారును పూర్తిగ నష్టపడినదానిగ నెంచి, ఆ విలువనుబట్టి పైకమిత్తురు. ప్రీమియము తగ్గునని ఆ విలువను తక్కువగ వ్రాయించుకొనినవారు అప్పుడు విచారింతురు.

రంగు విషయము త్వరగా ముగించెదను. కార్ఖానాలో వట్టి రేకుమీద రంగు వేసి 140 డిగ్రీల వేడిలో కాల్చుదురు. వర్క్‌షాపులో తీగలు, ప్లాస్టికు అన్నియు బిగించియుండును గనుక దుమ్ము రాని గదిలో 60 డిగ్రీలకు మించక ఆఱబెట్టుదురు. రంగు సంఖ్య కారుమీద వ్రాసియుండును, కాని ఎండకు వెలసిన కారుకు ఆ సంఖ్య మాత్రము చాలదు. ప్రక్క రేకుమీదికి కూడ రంగును పలుచగ వ్యాపింపజేసి కలిపినగాని అతుకు కనబడును. లప్పము పలుచగ నుండవలెను. లోతైన సొట్టను లప్పముతో పూడ్చినచో ఏడాదిలో నెఱ్ఱెలిచ్చును. మెత్తని గుడ్డ చుట్టిన చిన్న సూదంటురాతిని రేకుపై ఆనించి చూడుడు. లప్పము దళసరిగా నున్నచోట అది పట్టదు. (ప్లాస్టికు బంపరుమీద పరీక్షించి మేస్త్రితో జగడమాడకుడు!) అతికిన చోట్ల లోపలివైపున త్రుప్పు పట్టకుండ పూత వేసిరా యని అడుగవలెను. సముద్రపు ఉప్పుగాలి తగులు మన కోస్తా యూళ్ళలో ఇది ముఖ్యము.

కారు తీసికొనుటకు పగటివేళ పోవలెను. దీపముల వెలుగులో ఏ రంగైనను కలిసినట్లే యుండును. బానెట్టునకును రెక్కలకును నడుమ, తలుపులకును స్తంభములకును నడుమ సందులు రెండువైపుల నొకేతీరున నున్నవేమో చూడుడు. సందు ఒకచోట వ్రేలు దూరునట్లును ఒకచోట గోరు దూరనట్లును ఉన్నచో లోపలి కొలత కుదురలేదన్నమాట. మట్టమైన రోడ్డుమీద కారు ఒకప్రక్కకు లాగరాదు. తాళము త్రిప్పగానే ఎయిర్‌బ్యాగు గురుతుగల ఎఱ్ఱ దీపము వెలిగి కొన్ని క్షణములలో ఆఱిపోవలెను. ఆఱకున్నచో దోషము కలదు. అసలు వెలుగనే వెలుగకున్నచో మఱింత యనుమానింపవలెను. ఏలన, విచ్చుకొన్న ఎయిర్‌బ్యాగునకు బదులు క్రొత్తది వేయక, పై మూత మాత్రము మార్చి దీపమును చంపువారు లేకపోలేదు. విచ్చుకొన్న సంచి మఱల పనికిరాదు. దెబ్బకు బిగిసిన సీటుబెల్టులును అంతే. మార్చిన పాత భాగములను చూపుమని యడుగుడు. బిల్లులో వ్రాసిన ప్రతి భాగమునకును ఒక పాతది కనబడవలెను. ఇవి చూడకముందే "పని తృప్తికరముగ జరిగినది" అను కాగితముమీద చేవ్రాలు చేయరాదు. "ముందు సంతకం పెట్టండి, తర్వాత చూసుకుందురు గాని" అని వినయముగ చెప్పువారి మాట వినియు విననట్లుండుడు.

బీమావారు క్లెయిము త్రోసివేసినను, తక్కువ యిచ్చినను, మొదట ఆ కంపెనీలోని ఫిర్యాదుల అధికారికి వ్రాయవలెను. ఒక నెలలో ప్రత్యుత్తరము రాకున్నను, వచ్చినది న్యాయముగ తోపకున్నను, ఏడాది దాటకుండ బీమా అంబుడ్స్‌మన్‌కు వ్రాయవచ్చును. మన రెండు తెలుగు రాష్ట్రములకును ఆ కార్యాలయము హైదరాబాదులో కలదు. రుసుము లేదు, వకీలు అక్కఱలేదు. పాలసీ, సర్వేయరు నివేదిక, రెండు ఎస్టిమేట్లు, ఫొటోలు, కంపెనీతో జరిపిన యుత్తరములు జతచేయవలెను. వర్క్‌షాపువారి పనిలో లోపమునకైనచో 2019వ సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము క్రింద జిల్లా కమిషను కలదు.

కారు ఇంటికి వచ్చిన తరువాత వేయి కిలోమీటర్లు నడచినప్పుడు ముందు టైర్లను తడిమి చూడుడు. ఒక టైరు ఒక అంచున మాత్రమే అరిగియున్నచో చక్రముల అమరిక సరిగా లేదు. మొదటి పెద్దవాన కురిసిన మఱునాడు కాళ్ళక్రింది పట్టాను ఎత్తి, నేలపై చేయి వేయుడు. తడి యున్నచో అతుకులో ఎచ్చటనో సందు మిగిలినది. ఆలస్యము చేయక బిల్లు తీసికొని వర్క్‌షాపునకు పోవలెను. పనికి ఎన్ని మాసముల హామీ యిచ్చుచున్నారో ఆ బిల్లుమీదనే వ్రాయించుకొని యుండవలెను.